మంజూరైన మడమ నొప్పి

మాది సముద్రతీర ఉప్పు నిల్వల సంస్థ. అందులో ఉప్పు లేదు. ఒకప్పుడు ఉండేదట. ఇప్పుడు మూడో గిడ్డంగిలో ఒక మూల నడుమెత్తు రాళ్లుప్పు గుట్ట మిగిలి ఉంది. దాన్ని వేలం వేయాలా, పారబోయాలా అని అడుగుతూ ఒక ఫైలు నేను ఉద్యోగంలో చేరకముందే రాజధానికి బయలుదేరింది. నేను రిటైరయ్యేలోగా అది తిరిగొస్తుందని ఎవరికీ ఆశ లేదు.

ఉప్పు లేని ఉప్పు సంస్థలో పని చేయడం బయటివాళ్లు అనుకునేంత తేలిక కాదు. పొద్దున పదింటికి వచ్చి సాయంత్రం అయిదింటిదాకా ఎవరికీ ఏ దెబ్బా తగలకుండా కూర్చోవాలి. ఆ పని మేము ఏళ్ల తరబడి మచ్చలేకుండా చేస్తూ వచ్చాం. దిగ్విజయ్ గారు డైరెక్టరుగా వచ్చాక ఆ పేరు పోయింది.

ఆయన మంచివాడు. నలభై ఏళ్లుంటాయి, సన్నగా చువ్వలా ఉంటాడు. వచ్చీ రాగానే ఏదో కొండ ఊళ్లో శిక్షణకు వెళ్లాడు. అక్కడ తెల్లవారుజామున జీవితంలో మొదటిసారి పరిగెత్తాడు. ఆ పరుగులో తనకు తన జీవితమూ, దేశ భవిష్యత్తూ ఒకేసారి అర్థమయ్యాయని తిరిగొచ్చాక మీటింగు పెట్టి చెప్పాడు. పరిగెత్తని సంస్థ ముందుకు పోదన్నాడు. మర్నాటినుంచి సిబ్బంది అంతా, అటెండరు మొదలు తనదాకా, రోజూ ఉదయం ఆఫీసు గేటు దగ్గర బయలుదేరి ఉప్పుమడుల కట్ట మీదుగా లైట్‌హౌసు దాకా వెళ్లి, పరుగునే తిరిగి రావాలి. మధ్యలో ఆగకూడదు. ఆగడమే ఈ దేశపు జబ్బని ఆయన అభిప్రాయం.

మీలో ఇప్పటికే పరిగెత్తే అలవాటున్నవాళ్లు చేతులెత్తండి అంటే ఒక్క చెయ్యి లేచింది. అది నూకరత్నానిది.

నూకరత్నం మా కంప్యూటరు సెక్షన్లో పిల్ల. వాళ్ల నాన్నది వేట పడవ. చిన్నప్పటినుంచి తడి ఇసక మీద పరిగెత్తి పెరిగింది. కాలేజీలో పతకాలు తెచ్చుకుంది. ఉద్యోగం ఇంకా ప్రొబేషన్లోనే ఉంది. ఆ వేసవి చివర జరిగే ఉద్యోగుల క్రీడల్లో పదివేల మీటర్లు పరిగెత్తాలని, అందులో నిలబడితే కోచ్ శిక్షణకు పంపుతారని, ఆ తరవాత వాళ్ల పేట ఆడపిల్లలకు పరుగు నేర్పాలని ఆమె కోరిక. నన్ను బాబాయ్ గారూ అంటుంది. మధ్యాహ్నం డబ్బాలో చేపల పులుసుంటే, నేను తిననని తెలిసీ, ఒకసారి మూత తీసి చూపించి మరీ తింటుంది. ఇంట్లో ఒక్కణ్నే వండుకు తినే మనిషికి, ఎదురుగా కూర్చుని ఎవరో ఒకరు ఇష్టంగా తినడం చూడడం కూడా చిన్న భాగ్యమే.

మొదటిరోజు మేమంతా పరిగెత్తాం. అంటే వాళ్లు పరిగెత్తారు, నేను నడిచాను. నా నడక చూసి మా ఆవిడ సుభద్ర నవ్వేది, మీరు నడుస్తుంటే నిలబడ్డట్టుంటుందండీ అని. పోయేముందు ఏడాది ఆమె వేగానికి సరిపడా నడక తగ్గించుకున్నాను. ఆ తరవాత మళ్లీ పెంచుకోవాల్సిన అవసరం కనబడలేదు. అందరికంటే వెనక ఉండడంవల్ల నేను పరిగెత్తుతున్నానో లేదో చూడడానికి ఎవరూ మిగల్లేదు.

ఇరవై ఏళ్లుగా కుర్చీలో ఉన్న మనుషులు ఒక్కసారిగా లేచి అంత దూరం పరిగెత్తితే ఏమవుతుందో వారం తిరక్కుండానే తెలిసింది. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తుంటే మడమలో మేకు దిగినట్టుందని కొందరు. ఆఫీసు మెట్లు ఎక్కేటప్పుడు లేని బాధ దిగేటప్పుడు మోకాలి చిప్ప కింద వస్తోందని కొందరు. డిస్పాచి వీరభద్రం పెళ్లినాటి బూట్లు వేసుకుని పరిగెత్తాడు. రెండు మడమల మీదా నిమ్మకాయలంత బొబ్బలు లేచాయి. తొడలు ఒరుసుకుపోయి నడవలేక ఆయన కొబ్బరినూనె సీసా డిస్పాచి టేబులు మీదే పెట్టుకున్నాడు. జలుబుతో పరిగెత్తినవాళ్లకు దగ్గు, జ్వరంతో పరిగెత్తినవాళ్లకు నీరసం. ఇందులోనూ ఒక మంచి జరిగింది. పదేళ్లుగా మాటల్లేని అకౌంట్స్‌వాళ్లూ ఎస్టాబ్లిష్‌మెంట్‌వాళ్లూ ఒకరి పాదాల సంగతి ఒకరు అడగసాగారు.

డైరెక్టరుగారు ఏరియా ఆసుపత్రినుంచి డాక్టర్ ఇందుమతి గారిని పిలిపించారు. ఆవిడ ఎక్కువసేపు మాట్లాడలేదు. గాయాలన్నిటికీ మూలం ఒకటే అన్నారు, ఎక్కువ పని, తొందరగా. కొత్తవాళ్లు ముందు నడవాలి, కొద్దికొద్దిగా పరుగు కలపాలి. వారానికి ఒకటి రెండు రోజులు కాళ్లకు సెలవివ్వాలి. సరిపడే బూట్లు కావాలి. నీళ్లు తాగాలి, నిద్రపోవాలి. జ్వరం ఉంటే పరిగెత్తకూడదు. నొప్పి వస్తే ఆగాలి.

డైరెక్టరుగారు అంతా శ్రద్ధగా విని, "ఆగకుండా నివారించే పద్ధతేమైనా ఉందా డాక్టర్ గారూ?" అన్నారు.

ఆవిడ కొంచెం ఆలోచించి, "ఉందండి. మొదలుపెట్టకుండా ఉండడం," అన్నారు. ఆ మాట మినిట్స్‌లోకి ఎక్కలేదు.

అంతలో మా వాళ్లు కుంటుకుంటూ బస్సులెక్కడం ఎవరి కంటబడిందో, రాజధానినుంచి ఒక తాఖీదు వచ్చింది, మీ సంస్థలో గాయాల నివారణకు ఏం చర్యలు తీసుకున్నారని. డైరెక్టరుగారు ఉత్సాహవంతుడు కాబట్టి లక్ష్యం సున్నా అని రాసేశారు. సాధించే పని సూపరింటెండెంటు భావనారాయణ గారికి అప్పగించారు.

భావనారాయణ గారి గురించి రెండు మాటలు చెప్పాలి. ఆయన చిల్లిగవ్వ ముట్టని మనిషి. ఈ సృష్టి ఒక ఉత్తర్వుతో మొదలైందని, దాని నకలు ఎక్కడో ఉండే ఉంటుందని ఆయన నమ్మకం. మూడురోజులు తలుపేసుకుని ఆలోచించి ఒక సర్క్యులరుతో బయటికొచ్చారు. నివారణ అనగా ముందు జరుపునది. గాయము జరిగిన పిదప సంస్థకు తెలియజేసినచో సంస్థ దానిని నివారించజాలదు. కావున గాయపడదలచిన సిబ్బంది గాయమునకు వారం రోజుల ముందుగా, ఏ అవయవము, ఏ వైపు, ఎంత తీవ్రత అను వివరములతో దరఖాస్తు చేసుకొనవలెను. అనుమతి లేని గాయములు అనధికార గాయములుగా పరిగణింపబడి, గాయపడనట్లే భావింపబడును.

వీరభద్రం లేచి నిలబడి, చాలా మర్యాదగా, ఏ కాలు నొప్పొస్తుందో వారం ముందు ఎట్లా తెలుస్తుందండీ అని అడిగాడు.

"మీ కాలి సంగతి మీకే తెలియకపోతే సంస్థకెట్లా తెలుస్తుందయ్యా?" అన్నారు భావనారాయణ గారు. వీరభద్రం కూర్చుని తన రెండు కాళ్లనూ మార్చి మార్చి చూసుకున్నాడు.

దరఖాస్తులు వచ్చి పడ్డాయి. జాగ్రత్తపరులు రెండు కాళ్లకూ పెట్టుకున్నారు. ఇన్ని గాయాలు మంజూరు చేస్తే సున్నా ఎట్లా అవుతుందని ప్రశ్న వచ్చింది. అప్పుడు సెక్షనుకు నెలకు ఒక గాయం చొప్పున కేటాయించి, సీనియారిటీ ప్రకారం వంతులు వేశారు. అనుమతి పొందినదాన్ని గాయమనకూడదు, ప్రణాళికాబద్ధ విశ్రాంతి అనాలి. అనుమతి లేనిది ఎలాగూ గాయం కాదు. ఆ విధంగా రెండో నెలకల్లా మా సంస్థలో గాయాలు సున్నాకు వచ్చాయి. గోడకు బోర్డు తగిలించారు. దాన్ని తగిలించేటప్పుడు నిచ్చెన పట్టుకున్న ఇద్దరూ కుంటివాళ్లే.

జ్వరాలకూ అదే పద్ధతి. జ్వరం వచ్చిన మనిషి అనుమతి వచ్చేదాకా పరిగెత్తాలి, అనుమతి వచ్చేసరికి జ్వరం ఉండదు. అకౌంట్స్‌లో ఒకాయన జ్వరంతో పరిగెత్తి కట్ట మీద సొమ్మసిల్లితే, ముందస్తు సమాచారం లేకుండా శయనించినందుకు మెమో ఇచ్చారు. ఆయన మెమోను విసనకర్రగా వాడుకున్నాడు. ప్రభుత్వ కాగితం మందంగా ఉంటుంది.

ఇంకో చిక్కు. మంజూరైన గాయాన్ని వాడుకోకపోయినా తప్పే. వీరభద్రానికి ఫిబ్రవరి కోటాలో కుడి మోకాలు మంజూరైంది. ఆ నెలంతా అతని మోకాలు రాయిలా ఉంది. కోరి తెచ్చుకున్న మోకాలును వినియోగించుకోకపోవడానికి సంజాయిషీ అడిగారు. ఆర్థిక సంవత్సరం ముగిసేలోపు వాడనివన్నీ మురిగిపోతాయని, వచ్చే ఏడాది కేటాయింపులో కోత పడుతుందని హెచ్చరించారు. అందుకని మార్చి నెల వచ్చేసరికి మా ఆఫీసులో మనుషులు మెట్లమీదనుంచి దూకడం, బండరాళ్లను తన్నడం కనిపించసాగింది. వీరభద్రం ప్రహరీగోడ ఎక్కి కళ్లు మూసుకుని దూకాడు. ఎడమ మోకాలికి తగిలింది. మళ్లీ మెమో.

నాకు మార్చి కోటాలో ఎడమ మడమ నొప్పి మంజూరైంది. నేను అడగలేదు, సీనియారిటీ ప్రకారం వచ్చింది. నడిచేవాడి మడమకు ఏమవుతుంది? అది నా సొరుగులో పడి ఉంది.

ఆ రోజుల్లోనే, గాయాలు లేని సంస్థను కళ్లారా చూడడానికి కార్యదర్శిగారు స్వయంగా వస్తున్నారని కబురు వచ్చింది. మార్చి మూడోవారంలో ఆయన ముందు సంస్థ అంతా పరిగెత్తాలి. అందరికంటే ముందు, జెండా పట్టుకుని, నూకరత్నం.

ఒక మధ్యాహ్నం నూకరత్నం డబ్బా మూత తీయలేదు. బెంచీ మీద కూర్చుని కుడి మోకాలి కింద ముంగాలు ఎముకమీద బొటనవేలితో ఒకేచోట నొక్కి చూసుకుంటోంది. ఏమిటమ్మా అంటే ఏం లేదంది. రెండోసారి అడిగితే చెప్పింది. మామూలుగా ఆమెకు వారంలో ఇన్ని రోజులు పరుగు, ఇన్ని రోజులు విశ్రాంతి అని లెక్క ఉండేది. ఇప్పుడు సొంత సాధనకు తోడు రోజూ గట్టి కట్ట మీద ఆఫీసు పరుగు. కాళ్లకు సెలవు లేదు. మొదట ముంగాలంతా లాగినట్టుండేది. ఇప్పుడు ఒక్కచోటే, వేలు పెడితే ప్రాణం పోతోంది. రాత్రి పడుకున్నా ఉంటోంది.

ఇందుమతి గారి దగ్గరికి నేనే తీసుకెళ్లాను. ఆవిడ ఎక్స్‌రేలు తీయించి, ఎముక వెంట్రుకవాసి చీలిందన్నారు. ఆరువారాలు పరుగు మానేస్తే అతుక్కుంటుంది. మానకపోతే విరుగుతుంది. విరిగితే అప్పుడు పరుగు గురించి మాట్లాడను, నడక గురించి మాట్లాడతానన్నారు.

బయటికొచ్చాక నూకరత్నం నా భుజం పట్టుకుని నడిచింది. ఆటో స్టాండు దగ్గర అంది, "ఇప్పటిదాకా ఎప్పుడూ ఏ నొప్పీ రాలేదు బాబాయ్ గారూ. అందుకే దరఖాస్తు పెట్టుకోలేదు."

కంప్యూటరు సెక్షను మార్చి కోటా అప్పటికే ఎవరిదో తుంటికి పోయింది. ఏప్రిల్‌దీ నిండిపోయింది. కార్యదర్శిగారి రాక అయ్యేదాకా మామూలు సెలవులు రద్దు. డాక్టరు కాగితం ఇస్తే, అనధికార గాయానికి వైద్యం చేసినట్టుందే అని భావనారాయణ గారు బాధపడ్డారు. పరిగెత్తకుండా ఊరుకుంటే క్రమశిక్షణ చర్య. అది ఉంటే క్రీడలకు వెళ్లడానికి సంస్థ నిరభ్యంతర పత్రం ఇవ్వదు. పరిగెత్తితే కాలు, పరిగెత్తకపోతే పోటీ. ఏదో ఒకటి పోవాల్సిందే.

నేను నా ఎడమ మడమను ఆమెకు బదిలీ చేయమని అర్జీ పెట్టుకున్నాను. భావనారాయణ గారు రూల్సు తిరగేశారు. మంజూరైన గాయం బదిలీ కావాలంటే ఉద్యోగి నామినీకి మాత్రమే అవుతుందట. నామినీ అంటే నేను ఉద్యోగంలో చేరినప్పుడు రాసిన పేరు. సుభద్ర. ఆమె పోయి నాలుగేళ్లయినా ఆ పేరు మార్చమని ఎవరూ అడగలేదు, నేనూ మార్చలేదు.

అంటే రూలు ప్రకారం నా మడమ నొప్పి ఆమెకు చెందుతుంది. అంత బాధపడి వెళ్లిన మనిషికి మళ్లీ ఇదొకటా అనిపించింది.

సరే, పేరు మారుస్తానన్నాను. కలం తీశాను. కొంచెం ఆలస్యమైంది కానీ రాశాను. రెండురోజుల తరవాత అర్జీ తిరిగొచ్చింది. పాత నామినీ నుండి నిరభ్యంతర పత్రము జతపరచవలెను.

ఆ సాయంత్రం ఇంటికెళ్లి ఫొటో ముందు కూర్చున్నాను. బతికున్నన్నాళ్లూ అభ్యంతరం చెప్పకుండా దేనికీ ఒప్పుకోని మనిషి. చొక్కా రంగు మొదలు కూరలో కారం దాకా. ఈ ఒక్క విషయంలో మాత్రం వెంటనే సంతకం పెట్టేదని నాకు తెలుసు. కానీ నాకు తెలియడం రూల్సుకు సరిపోదు.

మర్నాడు డైరెక్టరుగారి దగ్గరికే వెళ్లాను. కూర్చోమన్నారు, మంచినీళ్లిప్పించారు. పిల్ల కాలి సంగతి చెప్పాను.

"నొప్పి అంటే శరీరం మనతో మాట్లాడే భాష నరహరి గారూ," అన్నారు.

"ఆగమంటోందండి."

"అట్లా అంటుంది. మనం లొంగుతామా లేదా అని టెస్టు చేస్తుంది."

ఆయన కళ్లలో ఎక్కడా చెడు లేదు. అదే నాకు దిగులేసింది. చెడ్డవాడైతే బతిమాలుకోవచ్చు.

కార్యదర్శిగారు వచ్చిన రోజు కట్ట మొదట్లో షామియానా వేశారు. ఆయన కొబ్బరిబోండాం పట్టుకుని కూర్చున్నారు. పెద్దాయన, భారీ మనిషి, జీపు దిగుతున్నప్పుడు తలుపు పట్టుకుని ఒక్కో కాలే కింద పెట్టారు. బూర ఊదగానే అందరూ బయలుదేరారు. ముందు డైరెక్టరుగారు, పక్కన జెండాతో నూకరత్నం, వెనక సంస్థ. ఆ వెనక, మూల్యాంకనాధికారి హోదాలో పరుగునుంచి మినహాయింపు పొందిన భావనారాయణ గారు మోపెడ్ మీద, ముందు బుట్టలో రూల్సు పుస్తకంతో. అందరికీ వెనక నేను.

నేను సగం దూరం చేరేసరికి వాళ్లు లైట్‌హౌసు ముట్టుకుని తిరిగొస్తున్నారు. ఎండ ఎక్కుతోంది. రెండువైపులా ఉప్పుమడులు తెల్లగా మెరుస్తున్నాయి. నూకరత్నం ముఖం దూరంనుంచే కనబడింది. కింది పెదవి పంటి కింద ఉంది. జెండాకర్ర నేలకు ఆనించి, చేతికర్రలా వాడుకుంటోంది. చూసేవాళ్లకు అది జెండాను ఊపుతున్నట్టే ఉంటుంది.

నాకు ఇరవై అడుగుల దూరంలో ఉండగా డైరెక్టరుగారు పిల్లకంటే ముందుండాలని ఒక్క దూకు దూకారు. నులకతాడు తెగినట్టు చిన్న చప్పుడైంది. ఆయన కుడి పిక్క పట్టుకుని కట్ట మీద కూలబడ్డారు.

అందరూ చుట్టూ చేరారు. కానీ ఆగకూడదు కదా. అందుకని ఉన్నచోటే కాళ్లాడిస్తూ, ఎగురుతూ, ఆయన చుట్టూ వలయంగా పరిగెత్తుతున్నారు. వీరభద్రం ఎగురుతూనే చేతిరుమాలుతో విసురుతున్నాడు. నూకరత్నం ఒంటికాలి మీద గెంతుతోంది. కళ్లనుంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడానికి జెండా అడ్డం.

భావనారాయణ గారు మోపెడ్‌కు స్టాండు వేసి, దిగి, వంగి, ఎంతో వినయంగా అడిగారు. "తమరు ఈ పిక్కకు దరఖాస్తు చేసియున్నారా సార్?"

లేదని డైరెక్టరుగారు తలూపారు. ఆదర్శంగా ఉండాలని ఆయన ఒక్క గాయానికీ పెట్టుకోలేదు.

"అయితే సార్, క్షమించాలి, తమరు గాయపడనట్లే. లేచి పరిగెత్తవలసి యుంటుంది."

డైరెక్టరుగారు లేవబోయి మళ్లీ కూర్చున్నారు. అట్నుంచి కార్యదర్శిగారి జీపు దుమ్ము కనబడుతోంది. భావనారాయణ గారు పుస్తకం తిరగేశారు. డైరెక్టరు గాయం డైరెక్టరే మంజూరు చేసుకోకూడదు. పైవాళ్లు చేయాలంటే వారం. మొత్తం సంస్థలో మిగిలిన గాయం నా ఒక్కడిదే. అది మడమ, పైగా ఎడమ. ఇంకా పైగా మా ఆవిడది.

"ఏదో ఒకటి చేయండి భావనారాయణ గారూ," అన్నారు డైరెక్టరుగారు. ఆ గొంతులో మొదటిసారి మామూలు మనిషి వినిపించాడు.

భావనారాయణ గారి ముఖం ఒక్కసారి వెలిగింది. దొరికింది. పరుగు వేళల్లో ఉద్యోగి విధిస్థానం పరుగే అని సర్క్యులరులో ఉంది. డైరెక్టరుగారు పరుగులో లేరు గనక విధిస్థానంలో లేరు. అధికారి స్థానంలో లేనప్పుడు పరుగులో హాజరైనవారిలో సర్వీసులో సీనియరు ఇన్‌చార్జి. ఇన్‌చార్జి గాయాలు మంజూరు చేయలేడు కానీ, సౌలభ్యం కోసం సాధారణ ఉత్తర్వు ఇవ్వగలడు. ఆయన అందరినీ ఒకసారి చూసి నా వైపు తిరిగి నమస్కారం పెట్టారు.

"నరహరి గారూ, తమరు డైరెక్టరు."

అప్పటికే కాగితం మీద రాసేశారు కూడా. డైరెక్టరుగారు తాత్కాలికముగా ఆగుటకు అనుమతించడమైనది. కలం నా చేతిలో పెట్టారు. మోపెడ్ సీటే టేబులు.

నేను నూకరత్నం వైపు చూశాను. ఆమె ఇంకా గెంతుతోంది. మంచి కాలు కూడా వణుకుతోంది. ఇంకో రెండు గెంతులకు ఆ కాలు తప్పి రెండోది నేలకు తగిలేట్టుంది.

"డైరెక్టరుగారు అన్న మాటా, తాత్కాలికముగా అన్న మాటా కొట్టేయండి," అన్నాను. "నొప్పి వచ్చినవారు ఆగవచ్చు అని రాయండి."

"ఎవరు?"

"నొప్పి వచ్చినవారు."

"ఎంతసేపు?"

"తగ్గేదాకా."

"ఎవరి అనుమతి మీద?"

"అడక్కుండానే."

భావనారాయణ గారి చేతిలో పుస్తకం కిందికి జారింది. కింద కూర్చున్న డైరెక్టరుగారు తలెత్తి, "నరహరి గారూ, ఇది పాలసీ మ్యాటరు," అన్నారు.

"అవునండి. మీరు లేవండి, ఛార్జి మీకిచ్చేస్తాను."

ఆయన రెండు చేతులూ నేలకు ఆనించి లేవబోయారు. సగం లేచారు. నా వైపు ఒకసారి, తన పిక్క వైపు ఒకసారి చూసుకున్నారు. నెమ్మదిగా కూర్చున్నారు.

"రాయండి," అన్నారు భావనారాయణ గారితో.

నేను సంతకం చేశాను. నా సర్వీసంతటిలో అంత చిన్న ఉత్తర్వు చూడలేదు. సిరా ఆరకముందే నూకరత్నం జెండా పట్టుకునే కింద కూర్చుంది. కాలు చాపుకుంది. ఆ తరవాత వీరభద్రం కూర్చున్నాడు. జ్వరమాయన కూర్చోవడమే కాదు, ఈసారి అధికారికంగా పడుకున్నాడు. చూస్తుండగానే సముద్రతీర ఉప్పు నిల్వల సంస్థ మొత్తం, రెండు మడుల మధ్య, కట్ట మీద వరసగా కూర్చుంది. గాలి చల్లగా ఉంది. అన్నాళ్లుగా అటు పరిగెత్తుతున్నా, అక్కడినుంచి సముద్రం కనిపిస్తుందని ఎవరూ గమనించలేదు.

జీపు వచ్చి ఆగింది. వీళ్లంతా ఎందుకు కూర్చున్నారని కార్యదర్శిగారు అడిగారు.

"ఉత్తర్వుల ప్రకారం సార్," అన్నారు భావనారాయణ గారు.

ఆయన కాగితం తీసుకుని చదివారు. చిన్నదే అయినా రెండుసార్లు చదివారు. ఇంత క్రమశిక్షణ నేనెక్కడా చూడలేదన్నారు. తరవాత జీపు తలుపు పట్టుకుని, ఒక్కో కాలే కింద పెట్టి, వచ్చి మా పక్కన కూర్చున్నారు. మోకాళ్లట, ఎనిమిదేళ్లుగా. ఎవరికీ చెప్పలేదట.

డైరెక్టరుగారు ఆ ఉత్తర్వు రద్దు చేస్తారని చాలామంది అనుకున్నారు. ఆయన కూడా అనుకునే ఉంటారు. కానీ రద్దు చేస్తే తాను ఆ రోజు కట్ట మీద కూర్చోవడం అనధికారమవుతుంది. కార్యదర్శిగారు కూర్చోవడం కూడా. అందుకని అది అట్లాగే ఉంది. మొదటి రెండురోజులు ఐసు పెట్టాలని, ఆ తరవాత కాపడం పెట్టుకోవచ్చని ఇందుమతి గారు ఆయనకు చెప్పారు. నేను మూడో గిడ్డంగిలోనుంచి రెండు దోసిళ్ల రాళ్లుప్పు తెచ్చి, పెనం మీద వేయించి, సుభద్ర పాత చీరముక్కలో మూటకట్టి తీసుకెళ్లాను. పిక్కకు పెట్టుకుని ఆయన కళ్లు మూసుకున్నారు. ఈ ఉప్పు ఎక్కడిది అని అడిగారు. సంస్థదే అన్నాను. ఉందా మన దగ్గర అన్నారు ఆశ్చర్యంగా. గిడ్డంగిలో గుట్ట కొంచెం తగ్గింది. ఫైలుకు ఆ సంగతి తెలియదు.

మార్చి ముప్పై ఒకటిన నాకు ఒక మెమో వచ్చింది. నాకు మంజూరైన ఎడమ మడమ నొప్పి వినియోగింపబడనందున మురిగిపోయినది. దానితోపాటు, నిరభ్యంతర పత్రం రానందున నామినీ మార్పు తిరస్కరించి, పాత పేరే కొనసాగించడమైనదని రాశారు. ఆ మెమోకు నేను సంజాయిషీ ఇవ్వలేదు. మడతపెట్టి జేబులో పెట్టుకున్నాను.

నూకరత్నం ఆరువారాలూ పరుగు మానేసింది. నొప్పి లేకుండా నడవగలిగినంత నడవమని డాక్టరుగారు చెప్పాక పొద్దున్నే కట్ట మీదికి వచ్చేది. ఆ వేగానికి ఆఫీసులో నేనొక్కణ్నే దొరికాను. మీ పక్కన నడిస్తే ఎముక దానంతటదే అతుక్కుంటుంది బాబాయ్ గారూ, కదిలినట్టే ఉండదు కదా అనేది. ఆ కట్ట మీద, నాలుగేళ్ల తరవాత, ఎడంపక్కన ఒక మనిషి. కొన్నాళ్లకు డైరెక్టరుగారూ చేతికర్రతో వచ్చి మాతో కలిశారు. కుంటుతున్నా మొదట్లో ఆయనే మాకంటే ముందుండేవారు. తరవాత్తరవాత సర్దుకున్నారు.

మే నెలలో ఒకరోజు డాక్టరుగారు కొంచెం పరిగెత్తి చూడమన్నారని చెప్పి, బూట్ల తాళ్లు బిగించుకుని, వెళ్తాను బాబాయ్ గారూ అని నూకరత్నం కదిలింది. మొదట నడక, తరవాత చిన్న పరుగు. అడుగు పడుతున్న చప్పుడే లేదు. మడులమీద కొంగలు కూడా లేవలేదు. లైట్‌హౌసు దాకా వెళ్లిపోతుందని మేమిద్దరం నిలబడి చూస్తున్నాం. సగం దూరంలో ఆగింది. వంగి, ముంగాలు మీద బొటనవేలు పెట్టి నొక్కి చూసుకుంది. నేను ఒక అడుగు ముందుకు వేశాను. ఆమె లేచి, మా వైపు తిరిగి, ఏం లేదన్నట్టు చెయ్యి ఊపి, నడుచుకుంటూ వెనక్కి రాసాగింది.

"బాగానే పరిగెత్తుతోందిగా. మరెందుకు ఆగింది?" అన్నారు డైరెక్టరుగారు.

"ఆగవచ్చు కదండీ," అన్నాను.